అట్టపెట్టెలు ఎవరు తెచ్చారు?

పోయిన నెలలో వాటర్‌ఫోర్డ్‌లో సువార్తక్క కొత్త ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటే పోర్ట్‌లీష్ నుంచి కారులో వెళ్ళాను. వాన. ఐర్లండులో వాన గురించి ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు గానీ ఆ రోజు అది అడ్డంగా కురుస్తోంది. గుమ్మం ముందు చెప్పులు, బూట్లు, పిల్లల రబ్బరు జోళ్ళు ఒకదాని మీద ఒకటి పడి తడుస్తున్నాయి. తడిసిన తోలు వాసన, లోపలినుంచి బిర్యానీ వాసన కలిసి ముక్కుకు తగిలాయి. అలవాటు ప్రకారం నా బూట్లు విప్పి, చేత్తో పట్టుకుని లోపలికి నడిచాను. సువార్తక్క కూతురు జోవన్న ఎదురొచ్చింది. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు, నాకంటే పొడుగు. "లీవ్ దెమ్ అవుట్, ఆంటీ. యూ ఆర్ గ్రాండ్," అంటూ బూట్లు నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ బయట పెట్టి వచ్చింది. వంటింట్లోంచి సువార్తక్క చూసి నవ్వింది. ఆ నవ్వు అర్థం అక్కడ ఉన్న ఇంతమందిలో మా ముగ్గురికే తెలుసు. తెలిసిన ఇంకో మనిషి పోయిన శీతాకాలంలో చనిపోయారు. ఆవిడ పేరు అయాకో. నాకు జపాన్ గురించి పాఠాలు చెప్పారు.

ఖమ్మం అమ్మాయి ఐర్లండు వెళ్ళి జపాన్ గురించి చదవడమేమిటని మా చుట్టాల్లో నవ్వనివాళ్ళు లేరు. నాతోపాటు విమానం ఎక్కినవాళ్ళంతా కంప్యూటర్లూ డేటా అంటూ ఉద్యోగాలొచ్చే చదువుల్లో చేరారు. నేను డబ్లిన్‌లో సామాజిక శాస్త్రం ఎం.ఏ.లో చేరి, అందులో ఆధునిక జపాన్ సమాజ సమస్యలు అనే కోర్సు ఏరికోరి పెట్టుకున్నాను. పెద్ద ఆలోచనేమీ లేదు. ఒంటరిగా పోయి ఎన్నాళ్ళకో బయటపడే ముసలివాళ్ళు, ఏళ్ళ తరబడి గది దాటి రాని కుర్రాళ్ళు, పొద్దున ఆఫీసుకని బయల్దేరి మాయమైపోయే ఉద్యోగులు, వీళ్ళందరినీ వీడియోల్లో చూసి నోరు తెరుచుకుని వచ్చినదాన్ని. వింత దేశం, వింత మనుషులు, మంచి మార్కులు అనుకున్నాను.

అయాకో గారికి అప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి. మెడదాకా కత్తిరించిన నెరిసిన జుట్టు, ఎప్పుడూ అదే ముదురు నీలం కోటు, ఫ్లాస్కులో వేయించిన బార్లీ టీ. మేడం అంటే ఒప్పుకోలేదు. పేరు పెట్టి పిలవమంటే నా నోరు తిరగలేదు. చివరికి జపాన్‌లో గురువులను పిలిచే మాట సెన్సెయ్ అని పిలిస్తే, "సరే, అదైనా నయమే," అన్నారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఆవిడ ఇంగ్లీషులో సగం జపాన్, సగం డబ్లిన్. మొహంలో నవ్వన్నది లేకుండా "గ్రాండ్, గ్రాండ్" అంటుంటే మొదట్లో మాకు భయం వేసేది. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉంది, పరవాలేదు అని.

నా మొదటి వ్యాసం ఆవిరైపోయిన మనుషుల మీద. జపాన్‌లో నిజంగానే ఆ మాట వాడతారు. అప్పుల వల్లనో, ఉద్యోగం పోయిందన్న అవమానం వల్లనో, ఇంట్లో తిన్న దెబ్బల వల్లనో ఒకరోజు ఇల్లూ ఊరూ వదిలేసి మాయమైపోయేవాళ్ళను అలా అంటారు. వాళ్ళను సామానుతో సహా గుట్టుగా తరలించే చిన్న చిన్న కంపెనీలు కూడా ఉన్నాయి. నేను ఇదంతా సిగ్గు, పరువు అనే రెండు ముక్కలతో తేల్చేసి, చాలా బాగా రాశాననుకున్నాను. సెన్సెయ్ ఆ కాగితాలు బల్ల మీద పెట్టి నా వంక చూశారు.

"పేజీకి నాలుగుసార్లు సిగ్గు అన్నావు. సిగ్గు ఎవరి ఇల్లూ ఖాళీ చెయ్యదు, స్వప్నా. సామాను సర్దాలంటే అట్టపెట్టెలు కావాలి. అవి ఎవరు తెచ్చారు?"

"అది నేను చదివిన పుస్తకాల్లో లేదు సెన్సెయ్."

"అయితే నీకింకా సమస్య తెలియదు. సమస్య పేరు తెలుసు."

ఒళ్ళు మండింది. బస్సులో నేనుండే నేవన్ దాకా ఆవిడను తిట్టుకుంటూనే వెళ్ళాను. కానీ తరవాత వారం నుంచి గమనిస్తే ఆవిడ అందరినీ అలాగే అడుగుతున్నారు. ఒంటరి చావుల మీద ఎవరో మాట్లాడితే, "తలుపు ఎవరు తెరిచారు? ఆ రోజు సాయంత్రం వాళ్ళు అన్నం తిన్నారా?" గది దాటని కుర్రాడి మీద మాట్లాడితే, "ఆ గది దాకా కంచం ఎవరు మోస్తున్నారు?" క్లాసులో మేము చాటుగా వెక్కిరించుకునేవాళ్ళం. ఎవరైనా కాఫీ తెస్తే చాలు, "కప్పు ఎవరు కడుగుతారు?" అనేవాళ్ళం. ఆవిడ వయసులో ఉండగా పరిశోధన కోసం అలాంటి ఒక తరలింపు కంపెనీలో చేరి, వ్యానులో తిరిగి, పెట్టెలు మోశారని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకసారి నేను అడిగితే చెప్పారు. మొదటి రోజు నోట్స్ రాసుకుంటూ నిలబడ్డారట. ఇంటావిడ చంకలోని బిడ్డను తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టిందట. "పెన్ను కింద పెట్టాల్సి వచ్చింది. అప్పట్నుంచి నా పరిశోధన పాడైంది, పని మాత్రం బాగుపడింది," అన్నారు.

ఆ రోజుల్లో నేను నేవన్‌లో సువార్తక్క ఇంట్లో అద్దెకు ఉండేదాన్ని. డబ్లిన్‌లో గది దొరక్క, తెలిసినవాళ్ళ ద్వారా వాళ్ళింట్లో మేడ మీది చిన్న గదిలో చేరాను. అక్కది ఒంగోలు. వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నర్సు. భర్త విక్టర్ అన్న ఒక గోదాములో పని చేసేవాడు. బయట ఆయనంత సరదా మనిషి ఉండడు. ఎవరింట్లో పుట్టినరోజైనా పాట అందుకునేది ఆయనే, ఎవరు ఇల్లు మారినా సోఫా మోసేది ఆయనే. ఇంట్లో తలుపు వేశాక వేరే మనిషి. గొంతు పెంచడు. అదే భయం. మెల్లగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా ఏదో ఒక చప్పుడు వినిపించేది, ఆ తరవాత కుళాయి నీళ్ళ చప్పుడు. అక్క, జోవన్న పాస్‌పోర్టులు వంటింట్లో ఒక ప్రెస్‌లో పెట్టి తాళం వేసుకున్నాడు. ఇక్కడ గోడ అలమరను ప్రెస్ అంటారు. ఆ మాట వింటే నాకిప్పటికీ ఆ తాళమే గుర్తొస్తుంది.

ఒక సాయంత్రం నేను వచ్చేసరికి అక్క బల్ల దగ్గర కూర్చుని చేతి మీద బఠాణీల ప్యాకెట్ పెట్టుకుని ఉంది, ఫ్రీజర్‌లోంచి తీసింది. ఆయన తాళం తీసినప్పుడు ఆ ప్రెస్‌లో చెయ్యి పెట్టబోతే, చెయ్యి మధ్యలో ఉండగానే తలుపు మూశాడు. నాలుగు వేళ్ళూ కమిలిపోయాయి.

"ఏం కాలేదులేవే. గ్రాండ్‌గానే ఉండా," అంది అక్క.

అప్పటికి ఏడేళ్ళ జోవన్న హోంవర్క్ మీంచి తల ఎత్తకుండా, "ఇట్స్ నాట్ గ్రాండ్, మామీ," అంది.

పెద్దల దాకా పోలేదని కాదు. ఎదురింటి యాకోబు అంకుల్ మా ప్రార్థన కూటంలో పెద్దమనిషి. అంతకు ముందు ఏడాది అక్క ఆయనకు చెప్పుకుంటే, ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టి, విక్టర్ చేత క్షమాపణ చెప్పించి, అందరికీ టీ ఇప్పించి పంపాడు. ఆ వారం అక్కకు ఎలా గడిచిందో ఆయనకు తెలియదు. "ఇంక వాళ్ళకు చెప్పేది లేదే. చెబితే ఇంటికొచ్చాక లెక్క తేలుద్ది," అనేది. గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, ఫోన్ చేద్దామంటే నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. నేను మేడ మీది గదిలో కూర్చుని జపాన్ కుటుంబ హింస మీద వ్యాసాలు చదువుతూ, కింద కుళాయి చప్పుడు వింటూ ఉండేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసేది.

ఒక రోజు క్లాసు అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, సెన్సెయ్ బల్ల దగ్గరికి వెళ్ళాను. "ఆ కంపెనీల వాళ్ళు పని ఎలా చేసేవారు? అంటే, ఇప్పుడెవరైనా అలా వెళ్ళాలంటే మొదట ఏం చెయ్యాలి?" అన్నాను. వ్యాసం కోసం అన్నట్టే అడిగాను.

ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తూ, "ఎన్ని గదులు?" అన్నారు.

"మూడు."

"పిల్లలు?"

"ఒక పాప."

ఫ్లాస్కు పక్కన పెట్టారు. "ఇది వ్యాసం కాదు కదా?"

"కాదు," అన్నాను. ఏడుపు వచ్చేసింది. ఆవిడ ఓదార్చలేదు. రుమాలు కూడా ఇవ్వలేదు. నేను ఏడవడం అయిపోయేదాకా కిటికీ బయట లువాస్ రైలు వెళ్ళడం చూస్తూ నిలబడ్డారు. తరవాత అన్నారు: "నువ్వు అడుగుతున్నావు. ఆమె అడిగిందా? అడగని మనిషిని ఇంట్లోంచి తీసుకెళ్తే అది సాయం కాదు, దొంగతనం. ఆమె నోటితో ఆమె అడగాలి. అప్పటిదాకా నువ్వు ఏమీ చెయ్యకు. ఎవరికీ చెప్పకు. ఇది నీకు చాలా కష్టంగా ఉంటుంది."

ఉండింది. రోజూ ఇంటికి రావడం, అక్క మొహం చూడటం, నోరు మూసుకోవడం. చివరికి ఒక ఆదివారం మా టీచర్‌కి మన బిర్యానీ తినాలని ఉందట అని చెప్పి ఆవిడను భోజనానికి పిలిపించాను. అతిథి అంటే విక్టర్ అన్నకు ఎక్కడలేని హుషారు. తనే వడ్డించాడు, జపాన్ కార్ల గురించి మాట్లాడాడు, ఆవిడను తెగ నవ్వించబోయాడు. సెన్సెయ్ శ్రద్ధగా తిని, కారం బాగుందన్నారు. ఆవిడ కళ్ళు మాత్రం ఇల్లంతా కొలుస్తున్నాయి. వెనక తలుపు, పక్క గేటు, ప్రెస్ తాళం. చెయ్యి కడుక్కోవడానికి ఆవిడ వంటింట్లోకి వెళ్తే అక్క తువ్వాలు పట్టుకుని వెనక వెళ్ళింది. కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున, నా చదువు సంగతులు విని ఉన్న అక్క తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది. ఆ మాటలు తరవాత తనే నాకు చెప్పింది.

"మీ దేశంలో ఇట్టా ఎల్లిపోయిన ఆడోళ్ళు, తర్వాత ఎట్టా ఉంటారు?"

సెన్సెయ్ తువ్వాలు అందుకున్నారు. "కొందరు సంతోషంగా లేరు," అన్నారు. "కానీ ఉన్నారు."

అక్క కుళాయి కట్టేసింది. మళ్ళీ విప్పింది. "ఏ రోజు?" అంది.

శుక్రవారం అనుకున్నారు. ఆయన పొద్దున వెళ్ళి సాయంత్రం గానీ రాడు. అలాంటి ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే ఇంటికి అక్కే నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ చేసి మాట్లాడింది. సెన్సెయ్ మిగతాది చూశారు. వ్యాను తోలడానికి తన పక్కింటి డెక్లన్‌ని ఒప్పించారు. రిటైరైన వడ్రంగి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యని మనిషి. వ్యాను, కారు ఇంటి ముందు ఆపకూడదు, వెనక పచ్చిక అవతల రోడ్డులో ఉండాలి. సామాను పక్క గేటులోంచి వెళ్ళాలి. పరదాలు రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉండాలి. టేపు అంటించేటప్పుడు చప్పుడు కాకుండా మెల్లగా లాగాలి. పాపను బడి నుంచి ఆఖర్న తీసుకోవాలి, డాక్టరు దగ్గరికి అని చెప్పి. ఇన్ని జాగ్రత్తలు చెప్పిన మనిషి కదా, ఇక భయమేముందని నేననుకున్నాను.

ఆ పొద్దున ఆయన కారు మలుపు తిరిగిన కాసేపటికి వాళ్ళు వచ్చారు. మడిచిన అట్టపెట్టెలు చంకలో పెట్టుకుని సెన్సెయ్, వెనక ఆరడుగుల డెక్లన్. పని మొదలైంది. అక్క బట్టలు, పాప పుస్తకాలు, నర్సు సర్టిఫికెట్లు, వాళ్ళమ్మ ఇచ్చిన ఇడ్లీ పాత్ర. అక్క ప్రెస్ దగ్గర ఆగిపోయింది. "పాస్‌పోర్టులు లేకుండా ఎట్టా పోయేది?" అంటూ గొళ్ళెం పట్టుకుని లాగుతోంది.

"వదిలెయ్యండి. తాళం పగలగొడితే గొడవ అవుతుంది. మనం గొడవకు రాలేదు, వెళ్ళడానికి వచ్చాం. వాటిని గార్డులు తెచ్చిస్తారు," అన్నారు సెన్సెయ్.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

నలుగురం ఎక్కడివాళ్ళం అక్కడ బిగుసుకుపోయాం. నేను వెళ్ళి తలుపు కొంచెం తీశాను. ఎదురింటి యాకోబు అంకుల్, చేతిలో ఫోను. ఆయన నా మొహం చూడటం లేదు, కింద చూస్తున్నాడు. నేనూ కిందకు చూశాను. గుమ్మం బయట మెట్టు మీద మా చెప్పులున్నాయి. అక్కవి, నావి, సెన్సెయ్ నల్ల బూట్లు, వాటి పక్కన డెక్లన్ గారి బండ పని బూట్లు. మేము పుట్టి బుద్ధెరిగాక చెప్పులతో ఇంట్లోకి అడుగు పెట్టి ఎరగం. జపాన్‌లోనూ అంతే. మమ్మల్ని చూసి పాపం డెక్లన్ కూడా మర్యాదగా విప్పాడు. ఇన్ని తెలిసిన సెన్సెయ్ అంతటితో ఊరుకోలేదు. వాళ్ళ దేశపు అలవాటు కొద్దీ అన్ని జతలనూ సర్ది, ముందు భాగం రోడ్డు వైపు తిరిగేట్టు వరసగా పేర్చారు. రోజూ చెప్పులు గుట్టగా పడి ఉండే ఇంటి ముందు ఆ వరస వీధి వీధంతటికీ కనిపిస్తోంది.

"ఏందమ్మా, ఇంట్లో చుట్టాలా? జోళ్ళు ఇంత వరసగా ఉండాయే?" అన్నాడు అంకుల్.

"ఉపవాస ప్రార్థన అంకుల్. ఆడవాళ్ళది," అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట.

"మా ఇంటావిడకు చెప్పలేదే?"

"ఆంటీ డ్యూటీలో ఉంది కదా అంకుల్."

ఆయన కదలలేదు. వంటింట్లోంచి అక్క అంతా విన్నది. అంతలో అక్క గొంతెత్తి ప్రార్థన అందుకుంది. మొదట మాటలు తడబడ్డాయి, ఊరికే పైకి వినిపించడానికి అంటున్నట్టు. అంకుల్ అలవాటుగా తల వంచాడు. వంచిన తల వంచినట్టే, ఆయన కళ్ళు మళ్ళీ బూట్ల మీద పడ్డాయి.

"ఈ పెద్ద బూట్లెవరివమ్మా?"

ఇప్పటికీ ఆ క్షణంలో ఏం చెప్పి ఉండాల్సిందో నాకు తోచదు. నా పక్కనుంచి సెన్సెయ్ బయటికి వచ్చారు. ఆయనకు నడుము వంచి నమస్కారం చేశారు. తరవాత తీరిగ్గా, తన చిన్న పాదాలు ఆ రెండు పడవల్లో పెట్టి, మెట్టు దిగి రెండడుగులు వేశారు. బూట్లు టపటపమన్నాయి. "నావే. నా పాదాలకు జబ్బు. బిగుతువి వేసుకోలేను," అన్నారు ఇంగ్లీషులో, మొహంలో ఏమీ లేకుండా. అంకుల్ ఏమనాలో తెలియక తను కూడా కొంచెం వంగాడు.

లోపల అక్క గొంతు మారిపోయింది. అది ఇప్పుడు మాకోసం కాదు. "ప్రభువా, నేను ఈ ఇంట్లో ఏమేం ఓర్చుకున్నానో నీకు తెలుసు. నా బిడ్డ నా చేతులకేసి ఎట్టా చూస్తదో నీకు తెలుసు. ఈ గుమ్మం దాటేదాకా నా కాళ్ళు వణక్కుండా చూడు తండ్రీ. నన్ను ఎతికేవాళ్ళ కళ్ళకు నన్ను కనపడనియ్యమాకు." అంకుల్ వింటూనే ఉన్నాడు. సెన్సెయ్‌కి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, బూట్లలో అలాగే నిలబడి కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి అంకుల్, "ఆమెన్," అన్నాడు. రోడ్డు దాటి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఫోను ఆయన చేతిలోనే ఉంది.

ఆయన విక్టర్‌కి ఫోన్ చేస్తాడో లేదో మాకు తెలియదు. సగం పెట్టెలు వదిలేశాం. చెప్పులు లోపలికి లాక్కుని, వెనక తలుపులోంచి పచ్చిక మీద పరుగు. సోఫా మీద ఉన్న పాప కుందేలు బొమ్మను డెక్లన్ చొక్కాలో దోపుకుని తెచ్చాడు. బడి దగ్గర అక్క లోపలికి వెళ్ళి వచ్చేంతసేపూ నేను వచ్చే ప్రతి కారునూ ఆయన కారే అనుకున్నాను. జోవన్న బ్యాగుతో వచ్చి వెనక సీట్లో కూర్చుని, "ఆర్ వి గోయింగ్ టు ద జీపీ?" అని డాక్టరు సంగతి అడిగింది.

"లేదమ్మా," అంది అక్క.

పాప ముందు వెళ్తున్న వ్యానును చూసింది, తల్లి ఒళ్ళోని కుందేలును చూసింది. "గుడ్," అంది.

వాళ్ళను ఆశ్రయమిచ్చే ఇంట్లో అప్పగించి తిరిగి వస్తూ సెన్సెయ్ ఒక పెట్రోలు బంకులో కారు ఆపారు. ఇంజను కట్టేశాక కూడా స్టీరింగ్ వదల్లేదు. ఆవిడ భయపడగా చూడటం నాకదే మొదటిసారి. "తరలింపుకు వెళ్ళేవాళ్ళు బూట్లు గుమ్మం ముందు వదలకూడదు. సంచిలో వేసుకుని లోపలికి తీసుకెళ్ళాలి. మొదటి రోజే చెప్తారు," అన్నారు. "నేనే దాని మీద ఒక వ్యాసం రాశాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను." ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఇద్దరం ఏడ్చాం. ఈసారి ఆవిడ రుమాలు ఇచ్చారు.

నేను మళ్ళీ ఆ గదికి వెళ్ళలేదు. వేరే చోటు దొరికేదాకా సెన్సెయ్ ఇంట్లోనే ఉన్నాను. గార్డులు పాస్‌పోర్టులు తెచ్చిచ్చారు. ఒక రోజు విక్టర్ నన్ను వెతుక్కుంటూ మా కాలేజీకి వచ్చాడు. సెన్సెయ్ నన్ను గదిలో ఉంచి తలుపు వేసి, వరండాలో ఆయనకు బార్లీ టీ పోసి ఇచ్చారు. తలుపు వెనక నిలబడి విన్నాను. ఆయన గొంతు మెల్లగా, మర్యాదగా, అదే గొంతు. వెళ్ళాక సెన్సెయ్ లోపలికొచ్చి, "ఏడ్చాడు. నటన కాదు. నీ థీసిస్‌లో అది కూడా రాయాలి," అన్నారు. "అక్క ఎక్కడుందో చెప్పారా?" అని అడిగినందుకు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. థీసిస్ రాశాను. అందులో ఆ ఇంటి గురించి ఒక్క మాట లేదు గానీ, పెట్టెల గురించి ఒక అధ్యాయం ఉంది.

కొన్ని నెలలకు లువాస్‌లో యాకోబు అంకుల్ కనిపించాడు. దిగిపోదామనుకున్నాను. ఆయనే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఊళ్ళో సంగతులు, వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పులు అన్నీ చెప్పాడు. తను దిగాల్సిన స్టాపు వస్తుండగా, "ఆ బూట్లు ఆ జపాన్ ఆవిడవి కావని నాకు తెలుసమ్మా," అన్నాడు. "మరి అన్నకు ఎందుకు చెప్పలేదు అంకుల్?" అంటే, "ఆమెన్ అన్నాక ఎట్టా చెబుతానమ్మా?" అని దిగిపోయాడు. నేను అన్నాళ్ళూ ఆయన మీద పెంచుకున్న కోపం ఏం చేసుకోవాలో తెలియలేదు. సెన్సెయ్‌కి చెబితే, "అయితే ఆయన కూడా ఒక పెట్టె మోశాడు," అన్నారు.

ఆవిడ పోయారని డెక్లన్ ఫోన్ చేసి చెప్పాడు. జబ్బు సంగతి మాలో ఎవరికీ చెప్పలేదు. అంత్యక్రియలకు వెళ్తే ఇంట్లో పుస్తకాలన్నీ అప్పటికే పెట్టెల్లో సర్ది ఉన్నాయి, ఏ పెట్టె ఎవరికో పైన రాసి ఉంది. చివరిదాకా ఎవరికీ బరువు కాకూడదనుకున్న ఆ మొండితనం చూసి నాకు కోపమే వచ్చింది. నన్ను పిలిచి ఉంటే నేను మోసేదాన్ని కదా. ఇప్పటికీ ఆ కోపం పోలేదు. ఆవిడ మీద నాకున్న ప్రేమలో అదీ ఒక భాగమే అనుకుంటాను.

నేనిప్పుడు పోర్ట్‌లీష్‌లో వలస వచ్చిన కుటుంబాలకు సాయపడే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. జపాన్ గురించి నన్నెవరూ అడగరు. నా కారు డిక్కీలో ఎప్పుడూ మడిచిన అట్టపెట్టెలు ఉంటాయి, రెండు టేపు చుట్టలు ఉంటాయి, చెప్పులు వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి ఉంటుంది. కూరగాయల సంచులకు చోటు లేదని ఇంట్లో నన్ను సాధిస్తుంటారు. నవ్వి ఊరుకుంటాను.

ఆ రోజు వాటర్‌ఫోర్డ్‌లో ప్రార్థన అయ్యాక, భోజనాలయ్యాక, అందరూ గుమ్మం దగ్గర వంగి తమ తమ చెప్పులు వెతుక్కుంటున్నారు. వాన తగ్గింది. సువార్తక్క గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ డబ్బాల్లో బిర్యానీ కట్టిస్తోంది. తన ఇంటికి ఎవరొచ్చారో వీధి మొత్తానికి తెలిసేలా ఆ చెప్పుల గుట్టను అలాగే ఉండనిచ్చింది, పక్కకు కూడా నెట్టలేదు. నేను కారు దగ్గరికి నడుస్తుంటే వెనకనుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఈ మధ్యే ఇక్కడికి వచ్చిన నర్సట. ఒక్క కాలికే బూటు వేసుకుంది, రెండోది చేతిలోనే ఉంది.

"అక్కా, మీరు జపాన్ గురించి చదివారట కదా," అంది. అటూ ఇటూ చూసింది. "అక్కడ కొందరు ఇల్లొదిలి ఎవరికీ తెలీకుండా వెళ్ళిపోతారంటగా. మా ఫ్రెండ్ ఒకమ్మాయి అడగమంది. ఊరికే. తెలుసుకుందామని."

ఆ అమ్మాయి మొహం చూశాను. బూటు పట్టుకున్న చెయ్యి చూశాను. ఓదార్చే మాటలు చాలా వచ్చాయి నోటి దాకా. అన్నీ మింగేశాను.

"ఎన్ని గదులు?" అన్నాను.